అమెరికా విమానం ఎందుకు ఆలస్యమో చెప్పే సర్కారు పేజీ: ఒక రిటైర్డ్ బస్టాండ్ కంట్రోలర్ రివ్యూ

ముందుగాల మార్కులు చెప్పేస్త. ఐదుకు నాలుగు. పైసా ఖర్చు లేదు, లాగిన్ లేదు, ఓటీపీ లేదు, నడిమిట్ల ప్రకటనలు లేవు. బిడ్డనో కొడుకునో అమెరికాకు పంపి, వాళ్లు అక్కడ విమానం ఎక్కిన్రని తెలిస్తే దిగేదాక నిద్రపట్టని తల్లిదండ్రులు మన పాలమూరులో ఇంటికొకరు ఉన్నరు. వాళ్ల కోసమే ఇది.

నేను రివ్యూ చేసేది ఎయిర్‌లైన్స్‌ను కాదు. అమెరికా సర్కారులో విమానాల సంగతి చూసే శాఖ ఎఫ్‌ఏఏ నడిపే ఒక వెబ్‌పేజీని. 'నేషనల్ ఎయిర్‌స్పేస్ సిస్టమ్ స్టేటస్' అని దాని పేరు. ఫోన్‌లో ఆ పేరు, పక్కన ఎఫ్‌ఏఏ అని కొట్టి వెతికితే వస్తది. ఏ విమానాశ్రయంలో విమానాలను ఆపిన్రు, ఎంతసేపు ఆపిన్రు, ఎందుకు ఆపిన్రు – ఈ మూడే చెప్తది. నాకు నచ్చింది ఆ మూడోది.

నేనెవరిని మార్కులు వేయడానికి అంటే, ఆర్టీసీలో కండక్టర్‌గా చేరి, ప్రమోషన్ మీద కంట్రోలర్ అయి, మహబూబ్‌నగర్ బస్టాండులో కూర్చొని రిటైరైనవాణ్ణి. ఇప్పుడు జడ్చర్లలో ఉంటున్న. బస్టాండు కంట్రోలర్ అంటే తెలుసు కదా. వచ్చిన బండి నంబరు రాసుకొనుడు, పోయే బండికి టైము వేసుడు, మైకులో 'నారాయణపేట పోవు బస్సు' అని అనౌన్స్ చేసుడు, అద్దం అవతల నిలబడ్డవాళ్లకు జవాబు చెప్పుడు. ఆఖరిదే అసలు కొలువు. జనం అడిగేవి రెండే ప్రశ్నలు. బస్సు ఎప్పుడొస్తది? ఇంకా ఎందుకు రాలే? మొదటిదానికి అందాజగా చెప్పినా నడుస్తది. రెండోదానికి మాత్రం నిజం చెప్పాలె. 'డ్రైవర్ డ్యూటీకి రాలేదు, ఇంకొకాయన్ను పిలిపిస్తున్నం, గంట పడ్తది' అంటే నాలుగు తిట్లు తిట్టయినా కూర్చుంటరు. 'వస్తది, వస్తది' అంటే పది నిమిషాలకు కౌంటర్ మీదికి వస్తరు. బొంబాయి పోయే కూలోళ్లుంటరు, పిల్లజెల్లతో, దుప్పట్ల మూటతో, బియ్యం సంచితో. బస్సు ఈ రాత్రి ఉన్నదా లేదా తెలిస్తే ఆఖరి బస్సు పట్టుకొని కోస్గికి వాపస్ పోవాల్నా, ఇక్కడే సిమెంటు బెంచీ మీద పండుకోవాల్నా సోంచాయించుకుంటరు. కారణం తెలియకపోతే ఏదీ చేయలేరు.

ఇంత ఎందుకు చెప్తున్నంటే, ఈ పేజీ కంటే ముందు నేను ఒక యాప్‌కు పైసలు కట్టిన. పేరు రాయను, అసుంటివి మూడు నాలుగున్నయ్, అన్నీ ఒక్కతీరే. మ్యాపు మీద పసుపుపచ్చ విమానాలు చీమల బారులెక్క పోతుంటయ్. ఒకదాని మీద వేలు పెడితే ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత ఎత్తు, ఎంత స్పీడు, ఏ కంపెనీ విమానం అన్నీ చెప్తది. మ్యాపు మటుకు మస్తుగున్నది, కాదనను. మాపటి పూట మిద్దె మీద నిలబడి, శంషాబాద్‌లో దిగబోయే విమానం దీపం నెత్తి మీద కనబడంగనే యాప్ తెరిచి చూసిన. దోహా నుంచి అని చూపెట్టింది. తెర మీద చుక్క కొంచెం వెనుకబడి ఉన్నది, ఆకాశంలో విమానం అప్పటికే బాలానగర్ దిక్కు జరిగిపోయింది. అంతే తేడా. మా ఇంటామె అయితే మనుమరాలికి అన్నం తినిపిస్తూ అదే చూపెడ్తది. ఆ పనికి బాగుంటది.

కాని బిడ్డ విమానం కదలకుండ ఉన్నప్పుడు ఆ యాప్ 'డిలేడ్' అంటది. అంతే. ఎయిర్‌లైన్స్ నుంచి వచ్చే మెసేజ్ ఇంకో రకం. 'ఆపరేషనల్ రీజన్స్' అని. ఆ రెండు మాటలు నేను నౌకరీలో ఉన్నప్పుడు మైకులో చెప్తే జనం నన్ను బయటికి గుంజుతుండిరి.

మొన్న 2025 నవంబర్ మొదటి ఆదివారం సంగతి చెప్త. బిడ్డ డాలస్‌లో ఉంటది, పని మీద న్యూయార్క్ దిక్కు పోయింది. న్యూయార్క్ పక్కన నెవార్క్ విమానాశ్రయం నుంచి వాపస్ రావాలె. అక్కడ ఆదివారం పొద్దుమూకే వేళ మనకు సోమవారం తెల్లవారుజాము. మొదటి బస్సు డ్యూటీల అలవాటు ఇంకా పోలేదు, నాలుగింటికే మెలకువ వస్తది. ఫోన్ మోగింది.

'నాయినా, గేటు కాడ కూసున్న. టైముకే అని రాసి ఉన్నది గని విమానమే లేదిక్కడ.'

'ఎందుకంట?'

'అడిగితే ఎవ్వరు చెప్తలేరు.'

యాప్ తెరిస్తే ఆమె ఫ్లైటు 'ఆన్ టైమ్' అని పచ్చగ ఉన్నది. ఈ పేజీ తెరిచిన. ఈడబ్ల్యూఆర్ అని నెవార్క్ కోడు, దాని పక్కన గ్రౌండ్ డిలే, దాని కింద కారణం – స్టాఫింగ్. సిబ్బంది, అంటే టవర్లలో, కేంద్రాల్లో కూర్చొని విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లు, సరిపోను లేరు. ఆ రోజు నెవార్క్‌లో ఆలస్యాలు సగటున రెండు మూడు గంటలు నడిచినయ్, తెల్లారి వార్తల్లో కూడ వచ్చింది.

గ్రౌండ్ డిలే అంటే నెవార్క్ నుంచి పోయే విమానాలను ఆపుడు కాదు. నెవార్క్‌కు రావలసినవాటిని ఎక్కడివి అక్కడనే నేల మీద ఆపి, ఒక్కొక్కదానికి ఇన్ని గంటలకు లేవమని టైము ఇచ్చుడు. బిడ్డ ఎక్కవలసిన విమానం ఇంకో ఊరి నుంచి రావాలె. అది అక్కడే ఆగింది. రావలసిన బస్సు రాకుంటే పోవలసిన బస్సు పోదు, బస్టాండులో కూర్చున్నోనికి ఇది వేరే చెప్పాల్నా? బోర్డు మీద 'ఆన్ టైమ్' ఉన్నా సరే, బండి ఊర్లోకి రాలేదంటే సర్వీసు లేనట్టే. 'బిడ్డా, నీ విమానం ఇంకా ఆడనే ఉన్నది, తీరుబాటుగ తిను, ఫోన్ చార్జింగ్ పెట్టుకో, రాత్రి పదింటి దాక ఆశ పెట్టుకోకు' అని చెప్పిన. తర్వాత గంటకు బోర్డు మీద టైము మారిందట. గేటు కాడ కూర్చున్నోళ్లకంటే ముందు జడ్చర్లలో ఉన్న నాకు తెలిసింది. నాలుగు మార్కుల్లో రెండు దీనికే.

పేజీ వాడుడు కష్టమేం కాదు గని రెండు సంగతులు తెలిసుండాలె. ఒకటి, టైములు చానమటుకు గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటయ్, అంకె ఎనుక జెడ్ అని ఉంటది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైము. అలాస్కా, హవాయి విడిచిపెట్టినా అమెరికాలో వాళ్లకు నాలుగు రకాల టైములు, చలికాలం ఒక లెక్క ఎండకాలం ఒక లెక్క. మనమే నయం, ఒక్క కూడికతో అయిపోతది. రెండోది, ఊర్ల పేర్ల జాగలో మూడు అక్షరాల కోడ్లు ఉంటయ్. డాలస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ, అట్లాంటాకు ఏటీఎల్, చికాగో పెద్ద విమానాశ్రయానికి ఓఆర్‌డీ. పిల్లలు పంపిన టికెట్ మీద అవే ఉంటయ్, చూసుకుంటే అయితది.

'గ్రౌండ్ స్టాప్' అని ఉంటే కొంచెం గట్టి విషయం. ఆ ఊరికి పోయే విమానాలేవీ లేవొద్దని. 'గ్రౌండ్ డిలే' అంటే వదుల్తున్నరు గని ఎడం ఎడంగ. మామూలు రోజుల్లో కారణం దగ్గర ఉరుములు, గాలి, మబ్బులు, లేకుంటే విమానాల రద్దీ అని ఉంటది. రన్‌వే పని అని కూడ వస్తది. వర్జీనియాలో వారెంటన్ అనే ఊర్లో వాళ్ల కమాండ్ సెంటర్ ఉన్నది, ఈ తీర్మానాలన్నీ అక్కడినుంచే. ఓపిక ఉన్నోళ్లు ఆ సెంటర్ విడుదల చేసే అడ్వైజరీలు కూడ చదువొచ్చు, ఏ ఏ కేంద్రాల్లో ఈ పూట మనుషులు తక్కువున్నరో అందులో పేర్లతో సహా రాస్తరు. డ్యూటీ చార్ట్ ఎట్లున్నదో దేశమంతటికి చూపెట్టినట్టే. మన దగ్గర ఏ ఆఫీసులోనైనా ఈ పూట ఇంతమంది రాలేదని బయట బోర్డు రాసి పెట్టిన్రా? నేనైతే చూడలే.

ఇక ఈ మనుషులు ఎందుకు తక్కువైన్రు అన్నది. ఇది పేజీలో ఉండదు, కాని ఇది తెలియకుంటే పేజీ చూసి లాభం సగమే.

నాకు ఈ విషయం మొదట తెలిసింది 2013లో. మా అన్న కొడుకు అప్పుడు ఇల్లినాయ్ రాష్ట్రంలో కార్బన్‌డేల్ అనే చిన్న ఊర్లో చదువుతుండె. 'చిన్నాయినా, ఇక్కడి విమానాశ్రయం టవరు మూసేస్తరట' అన్నడు. టవరు మూస్తే విమానాలు ఎట్ల దిగుతయ్ రా అన్న. దిగుతయట. అమెరికాలో టవరు లేని విమానాశ్రయాలే వేలల్లో ఉన్నయ్. అందరు పైలట్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద 'నేను ఫలానా దిక్కు నుంచి వస్తున్న, ఫలానా రన్‌వేలో దిగుతున్న' అని ఎవరికి వాళ్లు చెప్పుకుంటూ, ఒకరినొకరు చూసుకుంటూ దిగుతరు. మంచిగ వాతావరణం ఉండి, విమానాలు తక్కువుంటే నడుస్తది. కాని కార్బన్‌డేల్‌లో యూనివర్సిటీ వాళ్ల పైలట్ శిక్షణ ఉన్నది. నేర్చుకునే పిల్లలు పొద్దస్తమానం ఎక్కుడు దిగుడు. అసుంటి చోట పైనుంచి చూసే కండ్లు తీసేస్తమంటే పిల్లలు ఊకుంటరా?

విషయం ఏమంటే, 2011లో అమెరికా పార్లమెంటులో పార్టీలు సర్కారు అప్పుల మీద కొట్లాడుకొని ఒక చట్టం చేసుకున్నరు. లెక్క కుదరకపోతే అన్ని శాఖలకు ఒక్కపెట్టున కోత పడుతదని. లెక్క కుదరలే. 2013 మార్చి 1 నుంచి కోత షురూ అయింది. ఎఫ్‌ఏఏ వంతుకు 63.7 కోట్ల డాలర్ల కోత వచ్చింది, ఆ సెప్టెంబర్ ఆఖరులోపల కోయాలె. ఎక్కడ కోస్తరు? 47,000 మంది ఉద్యోగుల్లో దాదాపు అందరికి రెండు వారాలకొక రోజు జీతం లేని సెలవు అన్నరు. మార్చి 22న, 149 చిన్న విమానాశ్రయాల టవర్లు మూస్తమని జాబితా పెట్టిన్రు. కార్బన్‌డేల్ టవరు అందులో ఉన్నది.

ఆ 149 టవర్లే ఎందుకంటే, అవి సర్కారు సొంత మనుషులతో నడిచేవి కావు. ప్రైవేటు కంపెనీలకు కాంట్రాక్టుకు ఇచ్చినవి. ఆర్టీసీలో ఉన్నోళ్లకు అద్దె బస్సులంటే వెంటనే సమజైతది. బండి మీద రంగు సంస్థదే, డ్రైవర్ మటుకు ఓనర్ మనిషి. లెక్క మీద ఖర్చు తక్కువని తెస్తరు, తీసేయాలంటే కూడ వాటినే ముందు తీస్తరు, ఎందుకంటే అడ్డం పడే రూల్స్ తక్కువ.

ఈ కాంట్రాక్టు టవర్లు ఎట్ల వచ్చినయో తెలిసినంక నాకు ఇంకా ఆసక్తి అయింది. 1981 ఆగస్టులో అమెరికా కంట్రోలర్లు సమ్మె చేసిన్రు. ప్రెసిడెంట్ రీగన్ 48 గంటలు గడువిచ్చి, రానివాళ్లను పదకొండు వేల మందికి పైగా ఒక్కసారే తీసేసిండు. మళ్ల ఎఫ్‌ఏఏ నౌకరీ రావొద్దని నిషేధం కూడ పెట్టిండు, 1993లో క్లింటన్ ఎత్తేసేదాక అది నడిచింది. మనుషులు లేక మూతపడ్డ చిన్న టవర్లను తెరవడానికి 1982లో కాంట్రాక్టు పద్ధతి తెచ్చిన్రు. మన దగ్గర 2019లో యాభై రెండు రోజులు ఆర్టీసీ సమ్మె నడిచిన సంగతి ఎవరు మరిచిపోతరు? 'సెల్ఫ్ డిస్మిస్' అనే మాట అప్పుడే కదా ఇంటింటికి తెలిసింది, నలభై ఎనిమిది వేల మందికి. ఆఖరుకు మళ్ల డ్యూటీలో చేర్చుకున్నరు. అక్కడ పన్నెండేండ్లు చేర్చుకోలే. అనుభవం ఉన్న మనిషిని ఒక రోజులో తీసేయొచ్చు, తయారుచేయడానికి మాత్రం ఏండ్లు పడ్తది. పోనీ, రివ్యూలోకి వస్త.

2013లో ఆ టవర్లు మూతపడలేదు. ఎందుకు పడలేదో చూడున్రి, నేను ఒక మార్కు ఎందుకు కోసిన్నో అందులోనే ఉన్నది. టవర్లు పోతయ్ అన్నప్పుడు చిన్న ఊర్లోళ్లు మొత్తుకున్నరు, కోర్టుకు పోయిన్రు, మూసే తారీఖు జూన్ 15కు జరిగింది. అంతకుమించి ఏం కదల్లే. ఏప్రిల్ 21 నుంచి కంట్రోలర్లకు జీతం లేని సెలవులు మొదలైనయ్. పెద్ద పెద్ద విమానాశ్రయాల్లో విమానాలు గంటలకొద్ది ఆగినయ్. బోర్డులన్నీ ఎర్రగైనయ్. వారం తిరగకముందే రెండు సభలూ చట్టం పాస్ చేసినయ్, మే 1న ఒబామా సంతకం పెట్టిండు. విమానాశ్రయాల అభివృద్ధి నిధిలో ఉన్న డబ్బులోంచి 25.3 కోట్ల డాలర్ల దాక ఇటు మళ్లించుకోవచ్చని. సెలవులు ఆగినయ్. మిగిలిన పైసలతో 149 టవర్లు కూడ బతికినయ్.

అంటే, ఆలస్యం అయింది కాబట్టి పని అయింది. టవరు మూతపడితే ఆలస్యం కాదు. విమానాలు దిగుతనే ఉంటయ్. బోర్డు పచ్చగనే ఉంటది. పైన అద్దాల గదిలో చూసే మనిషి ఒక్కరు లేకపోవుడు ఏ బోర్డు మీద రాయరు. నేను మెచ్చుకున్న ఈ పేజీ మీద కూడ కనబడేది ఆలస్యాలే. కోత ఎక్కడ ఆలస్యం తెస్తదో అది కనబడ్తది. ఆలస్యం తేకుండ ప్రమాదం పెంచే కోత కనబడదు. ఐదో మార్కు అందుకు ఆపిన. పేజీ తయారుచేసినోళ్ల తప్పని అనను, దాని పని అది చేస్తున్నది. కాని మనం పచ్చరంగు చూసి 'అంతా మంచిగున్నది' అనుకోవద్దు.

ఇంకో కోత కూడ అదే ఏడాది పడింది, అది ఇప్పటిదాక నడుస్తున్నదనే నా అనుమానం. 2013లో కొత్త కంట్రోలర్ల భర్తీ ఆపిన్రు, ఓక్లహోమా సిటీలో ఉన్న శిక్షణ అకాడమీ కొన్ని నెలలు మూతపడ్డది. కంట్రోలర్ నౌకరీకి 31 ఏండ్లు నిండకముందే చేరాలె, 56కే ఇంటికి పోవాలె. అకాడమీ అయిపోయినంక పెద్ద కేంద్రంలో సొంతంగ సీటు మీద కూర్చోవాలంటే ఇంకా రెండు మూడేండ్లు. కింద భర్తీ ఒక ఏడు ఆపితే పైన రిటైరయ్యేటోళ్లు ఆగరు కదా. డిపోలో కూడ భర్తీ ఆగిన ఏడాది ఏం తెలియదు. ఐదారేండ్లకు చార్ట్ రాసేటోనికి తెలుస్తది, ఎవరిని చూసినా డబుల్ డ్యూటీయే ఉంటది.

ఆ డబుల్ డ్యూటీ ఎంత బరువో చెప్పడానికి ఒక్కటే. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్ దగ్గర ప్రయాణికుల విమానం, మిలిటరీ హెలికాప్టర్ గుద్దుకొని 67 మంది పోయిన్రు. ఆ రాత్రి టవర్లో హెలికాప్టర్ల సీటు, విమానాల సీటు కలిపి ఒక్కరే చూస్తున్నరు. ప్రమాదానికి అదే కారణమని నేననను, దర్యాప్తు చేసే సంస్థ వేరే ఉన్నది. కాని రెండు సీట్లు ఒక్కరే చూసుడు ఎట్లుంటదో నాకు తెలుసు. నాది బస్సుల లెక్క, తప్పయితే జనం తిడ్తరు. వాళ్లది అట్ల కాదు.

ఇక మొన్నటి షట్‌డౌన్. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాక, 43 రోజులు అమెరికా సర్కారుకు బడ్జెట్ పాస్ కాలే. అప్పటిదాక వాళ్ల చరిత్రలోనే అంత పొడుగు షట్‌డౌన్ లేదు. కంట్రోలర్లు అత్యవసర సిబ్బంది కాబట్టి రావాల్సిందే, జీతం మటుకు లేదు. దాదాపు 13,000 మంది. అక్టోబర్ 28న రావాల్సిన జీతం సున్నా వచ్చింది. కొందరు బయట ఇంకో పని చూసుకున్నరు, కొందరు సిక్ లీవ్ పెట్టిన్రు. అక్టోబర్ 6న కాలిఫోర్నియాలో బర్‌బ్యాంక్ విమానాశ్రయం టవర్లో సాయంత్రం నుంచి కొన్ని గంటలు మనిషే లేడు, శాండియాగోలో ఉన్న కేంద్రం నుంచి పని నడిపిన్రు. నవంబర్ 7 నుంచి 40 పెద్ద విమానాశ్రయాల్లో విమానాలనే తగ్గించుమని ఉత్తర్వు. ముందు 4 శాతం, తర్వాత 6. బిడ్డ ఆ వారం ప్రయాణమే పెట్టుకోలే, ఇంట్లోంచి పనిచేసింది.

ఇందులో నాకు సమజ్‌కానిది ఒకటున్నది. అక్కడ దేశం లోపల తిరిగే ప్రతి విమానం టికెట్ మీద 7.5 శాతం పన్ను ఉంటది. అది విమానయానం కోసమే పెట్టిన నిధిలోకి పోతది. బిడ్డ టికెట్ పైసలు కట్టింది, పన్ను కట్టింది, నిధిలో పైసలున్నయ్, డ్యూటీ చేసేటోళ్లు డ్యూటీ చేస్తున్నరు. జీతం ఇయ్యడానికి మాత్రం ఏటేటా సభ అనుమతి కావాలె. సభ కొట్లాడుకుంటే జీతం ఆగుతది. పన్ను వసూలు మాత్రం ఆగలేదు.

షట్‌డౌన్ అయిపోయినంక 776 మందికి తలా పదివేల డాలర్లు బోనస్ ఇస్తమన్నరు. ఒక్క రోజు కూడ నాగా పెట్టకుండ వచ్చిన కంట్రోలర్లకు, టెక్నీషియన్లకు. వాళ్లకు ఇయ్యొద్దని ఎవరంటరు. కాని పిల్లకు జ్వరమొచ్చి ఒక్కరోజు ఆగినోడు, మిగతా నలభై రెండు రోజులు జీతం లేకుండ వచ్చిండు కదా, ఆయనకేది? హాజరు పట్టీ చేతిలో పట్టుకొని ముప్పై మందిని నడిపిన మనిషి ఎవడూ ఈ లెక్క చేయడు. తెల్లారి డ్యూటీ రూమ్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకోవాలె.

వాపస్ పేజీ సంగతికి వస్తే, ఆ షట్‌డౌన్ రోజుల్లోనే దీని విలువ తెలిసింది. టీవీలో ఒక పార్టీ ఇంకో పార్టీని తిడ్తుంటే, ఇందులో మాత్రం ఊరి కోడు, నిమిషాలు, కారణం. వాన అయితే వాన అని, మనుషులు లేకపోతే లేరని. సర్కారు పేజీలో సర్కారుకే ఇబ్బందైన కారణం రాసి ఉండుడు నేను అనుకోలేదు.

కొన్ని మామూలు విషయాలు. ఇది ఒక్కొక్క ఫ్లైటు సంగతి చెప్పదు, ఆ పని ఎయిర్‌లైన్స్ వాళ్లది. చిన్న ఊరి విమానాశ్రయాలు ఇందులో అరుదుగ వస్తయ్. మొత్తం ఇంగ్లిషు, అది కూడ పొట్టి మాటలు, మొదటి రెండు మూడు సార్లు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూడున్రి. డేటా ఎక్కువ తినదు, మా ఇంటి వెనుక అర్రలో సిగ్నల్ ఒకటే గీత ఉన్నా తెరుచుకుంటది. మ్యాపుల యాప్ అక్కడ తిరుగుతనే ఉంటది.

మన దిక్కు ఇసుంటిది ఉన్నదా అని అడుగుతరు. శంషాబాద్ విమానాశ్రయాన్ని ప్రైవేటు కంపెనీ నడిపినా టవర్లో కూర్చునేది కేంద్ర సర్కారు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ మనుషులే. ఆలస్యానికి కారణం ఇట్ల విడమరిచి చూపెట్టే పేజీ మనదగ్గర నా కంటికి తగల్లే. మన జిల్లాలో గుడిబండ కాడ విమానాశ్రయం పెడ్తమని ఏండ్ల నుంచి వింటున్నం, కాయితాల మీదనే ఉన్నది. వచ్చిననాడు టవరు ఎవరు నడుపుతరు, ఎంతమందితో నడుపుతరు అని ముందే అడగాలె. రన్‌వే పొడుగు గురించి అందరు మాట్లాడుతరు గని రాత్రి డ్యూటీకి ఎంతమంది అన్నది ఎవరు అడగరు. 2022 ఫిబ్రవరిలో మన పక్క నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో శిక్షణ విమానం కూలి, నేర్చుకునే అమ్మాయి పోయింది. ఒంటరిగా నడిపేటప్పుడు. అప్పటినుంచి చిన్న విమానం చప్పుడు వినబడితే తల ఎత్తి చూస్త.

ఇక ఎట్ల వాడాలె అంటే, నా పద్ధతి చెప్త. బిడ్డ బయలుదేరే మూడు గంటల ముందు, ఆమె దిగబోయే ఊరి కోడు పేజీలో ఉన్నదా చూస్త. ఉంటే కారణం చూస్త. ఉరుములైతే గంటా రెండు గంటల్లో సర్దుకుంటది, ఇంటామెకు చెప్పి పండుకుంట. సిబ్బంది అని ఉంటే అది తొందరగ తేలదు, షిఫ్టు మారేదాక చూడాలె. అప్పుడు బిడ్డకు మెసేజ్ పెడ్త. తర్వాత ఆమె ఎక్కబోయే ఊరి కోడు కూడ చూస్త, రావలసిన విమానం అక్కడికే రావాలె కాబట్టి. ఇది చానమంది మరిచిపోతరు.

యాప్‌కు కట్టే పైసలు ఈ నెలతో బంద్ చేసిన. ఉచితంగ వచ్చేదాంట్లో కూడ విమానాలు కదులుతనే ఉంటయ్, మనుమరాలి అన్నం పనికి అది చాలు.